చేయి నరం దెబ్బతిన్నాక నెర్వ్ ట్రాన్స్‌ఫర్ సర్జరీ: రిఫరల్‌కు దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

నెర్వ్ ట్రాన్స్‌ఫర్‌కు, అంటే పనిచేసే నరంలోని పాయను చచ్చుబడిన కండరానికి కలిపే ఆపరేషన్‌కు, నేరుగా వెళ్లి తేదీ తీసుకోవడం సాధారణంగా కుదరదు. ఇప్పుడు చూస్తున్న డాక్టరు రిఫరల్ లెటర్ రాయాలి. అది నరాల సర్జరీ చేసే విభాగానికి చేరాలి. ఒక్కో ఆసుపత్రిలో ఈ పని ఒక్కో విభాగం చేస్తుంది: ప్లాస్టిక్ సర్జరీ, ఆర్థోపెడిక్స్, న్యూరోసర్జరీ, ఏదైనా కావచ్చు. ముందే ఫోన్ చేసి కనుక్కుంటే కౌంటర్ల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

దరఖాస్తులో అన్నిటికన్నా ముఖ్యమైనది గాయం తగిలిన తేదీ. నరం అందని కండరం నెలనెలా చిక్కిపోతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం వచ్చి చేరినా ఆ కండరం లేవడం కష్టం. పైగా నరం పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. అందుకే చాలామంది సర్జన్లు 6 నెలల లోపే ఆపరేషన్ అయిపోవాలంటారు. దానంతటదే కోలుకుంటుందేమోనని మొదటి మూడు నెలలు చూడటం మామూలే. చూడండి, కానీ ఆ మూడు నెలలూ ఫైలును మాత్రం పక్కన పెట్టకండి.

జతచేయాల్సినవి: డిశ్చార్జ్ సమ్మరీ, ఇదివరకు ఆపరేషన్ అయితే దాని నోట్స్, ఫిజియోథెరపీ రికార్డు, ఎంఆర్ఐ, ఈఎంజీ (నరాలు, కండరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే విద్యుత్ పరీక్ష). ఎంఆర్ఐకి రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్ములు గానీ సీడీ గానీ కూడా ఇవ్వాలి. ఈఎంజీ గాయమైన మూడు, నాలుగు వారాల తర్వాత చేయించినదై ఉండాలి. అంతకుముందు చేస్తే నష్టం పూర్తిగా బయటపడదు.

ఇక ‘ప్రస్తుత పరిస్థితి’ అనే గడి. అందరూ ‘కుడి చేయి పనిచేయడం లేదు’ అని రాసి ఊరుకుంటారు. దానివల్ల సర్జన్‌కు తెలిసేది ఏమీ లేదు. ‘మోచేయి మడవలేను. భుజం పక్కకు లేవదు. వేళ్లు మూసి తెరవగలను’ అని రాయండి. ఆ చివరి మాటే అసలైనది. ఈ సర్జరీలో పనిచేస్తున్న నరం నుంచే ఒక పాయ తీసి, చచ్చుబడిన కండరానికి కలుపుతారు. 1994లో ఫ్రెంచ్ సర్జన్ ఒబెర్లిన్ వెలువరించిన పద్ధతిలో, చేతివేళ్లకు వెళ్లే అల్నార్ నరంలోని ఒక పాయను మోచేయి మడిచే బైసెప్స్‌కు ఇస్తారు. కాబట్టి పోయినదెంతో రాసినట్టే, మిగిలినదెంతో కూడా రాయాలి.

వెన్నుపాము గాయం వల్ల చేతులు పడిపోయినవారు ఆ సంగతి పైనే రాయాలి. వాళ్లలో కొన్ని కండరాలకు గడువు లెక్క వేరుగా ఉంటుంది.

పరీక్షకు పిలిచిన రోజు ఒక్కో కండరం బలాన్ని 0 నుంచి 5 వరకు కొలుస్తారు. నరం ఇచ్చే కండరం బలం సాధారణంగా 4 అయినా ఉండాలి. కీళ్లు బిగుసుకుపోయి ఉంటే ముందు వాటిని వదులు చేయమంటారు, కాబట్టి పిలుపు వచ్చేదాకా రెండో చేత్తోనో, ఇంట్లోవాళ్ల సాయంతోనో కీళ్లు కదిలిస్తూనే ఉండాలి. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు, నరం ఇచ్చే చోట బలం ఎంత తగ్గవచ్చో అడగండి. కదలిక మొదలవడానికి నెలలు పడుతుంది. కొత్త దారిలో కండరాన్ని కదిలించడం ఫిజియోథెరపీలో నేర్చుకోవాలి.

ఆలస్యమైందని తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. టెండన్ ట్రాన్స్‌ఫర్ (పనిచేసే కండరం స్నాయువును మరో చోటికి మార్చి కలపడం), తొడ కండరం తెచ్చి అమర్చే ఆపరేషన్‌లాంటివి అప్పటికీ మిగిలే ఉంటాయి. వాటికోసం అదే ఫైలు మీద మళ్లీ రిఫరల్ అడగవచ్చు.