కొరియన్ కార్న్ డాగ్ ఇంట్లో ఎలా చేయాలి?

డాలస్ పక్కనే ఉన్న క్యారల్టన్‌లో కొరియన్ దుకాణాలు బోలెడు. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉండే మనవాళ్ల పిల్లలకు కార్న్ డాగ్ రుచి అలాంటి చోట్లే తగులుకుంటుంది. పుల్లకు గుచ్చిన వేడి వేడి బజ్జీ లాంటిది. కొరికి లాగితే మూరెడు పొడవున చీజ్ సాగుతుంది.

పేరులో కార్న్ ఉన్నా ఇందులో సాధారణంగా మొక్కజొన్న ఉండదు. అమెరికావాళ్ల కార్న్ డాగ్‌కు మొక్కజొన్న పిండి తోపు వేస్తారు. కొరియావాళ్లు మైదా వాడతారు, కొందరు బియ్యప్పిండి కూడా కలుపుతారు. వాళ్ల దేశంలో దీన్ని హాట్‌డాగ్ అనే పిలుస్తారు. 2016లో బుసాన్‌లో మొదలైన మ్యుంగ్రాంగ్ లాంటి దుకాణాలు దీన్ని అమెరికా దాకా తెచ్చాయి.

ఆరింటికి కావలసినవి: మైదా 250 గ్రాములు, పంచదార 2 పెద్ద చెంచాలు, ఇన్‌స్టంట్ ఈస్ట్ చెంచాన్నర, ఉప్పు అర చెంచా, గోరువెచ్చని నీళ్లు సుమారు 200 మిల్లీలీటర్లు, మోజరెల్లా చీజ్, సాసేజ్‌లు, పాంకో బ్రెడ్ పొడి, నూనె.

ముందు పిండి. పొడివన్నీ కలిపి, నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ గట్టిగా గిలకొట్టండి. మైసూర్ బజ్జీ పిండి చేతికి ఎలా అంటుకుని సాగుతుందో, ఇదీ అలాగే సాగాలి. జారుగా ఉంటే పుల్ల మీద నిలవదు. మూత పెట్టి గంటసేపు వదిలేస్తే రెట్టింపుగా పొంగుతుంది.

ఈలోగా చీజ్ సంగతి చూడండి. నీళ్లలో ఉంచి అమ్మే తాజా మోజరెల్లా దీనికి పనికిరాదు. మొదటిసారి నేను అదే తెచ్చాను. నూనెలో వేసిన నిమిషానికే తోపు చిట్లి, చీజంతా మూకుడులోకి కారిపోయింది. తేమ తక్కువగా ఉండే గట్టి మోజరెల్లా, లేదా స్ట్రింగ్ చీజ్ తీసుకోండి. పుల్లకు కింద సగం సాసేజ్, పైన సగం చీజ్ గుచ్చి, తడి తుడిచి, అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. శాకాహారులైతే మొత్తం చీజే గుచ్చుకోవచ్చు. సాసేజ్ కొనేటప్పుడు అది చికెనో, బీఫో, పోర్కో ప్యాకెట్ మీద చదివి తీసుకోండి. దుకాణంలో తింటే మాంసానివీ చీజ్‌వీ ఒకే నూనెలో వేయిస్తున్నారేమో అడగడం మంచిది.

పుల్లకు పొడి మైదా అద్ది, పిండిలో ముంచి, గుండ్రంగా తిప్పుతూ పైకి లేపండి. ఎక్కడా ఖాళీ కనిపించకూడదు, ముఖ్యంగా చీజ్ కొస దగ్గర. వెంటనే పాంకోలో దొర్లించి, అరచేతులతో మెల్లగా అదమండి. బంగాళదుంప ముక్కల రకం కావాలంటే దుంపల్ని చాలా చిన్న ముక్కలుగా తరిగి, సగం ఉడికించి, తడి ఆర్చి, పాంకో బదులు అద్దండి.

నూనె 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. మునిగి, నెమ్మదిగా తేలితే చాలు. మరీ కాగితే పైన మాడి లోపల పిండి పచ్చిగా ఉండిపోతుంది. తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు వేయించి, బంగారు రంగు రాగానే తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే చీజ్ బయటికి కారుతుంది.

వేడి మీదే పంచదారలో దొర్లించండి. ఇది వింతగా అనిపించినా మానేయకండి. ఆ తీపి, చీజ్ ఉప్పదనం, పైన వేసుకునే కెచప్ పులుపు, ఆవ సాస్ ఘాటు కలిస్తేనే అసలు రుచి.

అయిదు నిమిషాల్లోపు తినేయాలి, చల్లారితే చీజ్ సాగదు. మిగిలితే ఎయిర్ ఫ్రయర్‌లో నాలుగైదు నిమిషాలు వేడి చేసుకోండి. మైక్రోవేవ్‌లో పెడితే పైపెచ్చు మెత్తబడిపోతుంది.