ఎల్లోస్టోన్‌లో కారు దిగే ముందు

అమెరికాలోని ఈ పార్కులో అన్ని జంతువులకన్నా ఎక్కువ మందిని గాయపరిచింది ఎలుగుబంటి కాదు, బైసన్ అనే అడవి దున్న. మేస్తున్నంతసేపు పెంపుడు గేదెలా నెమ్మదిగా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

- బైసన్, ఎల్క్‌లకు (ఇవి పెద్ద జింకలు) కనీసం 25 గజాలు, అంటే సుమారు 23 మీటర్లు. ఎలుగుబంట్లు, తోడేళ్లకు 100 గజాలు దూరం పాటించాలి. ఇది సలహా కాదు, పార్కు నిబంధన. జంతువే మీ వైపు వచ్చినా వెనక్కి జరగాల్సింది మీరే.

- బైసన్ తోక మీద ఓ కన్నేయండి. తోక పైకి లేచినా, తల విసురుతున్నా, గిట్టలతో నేల గీకుతున్నా ఫోటో సంగతి వదిలేసి తప్పుకోండి. అది మనిషికన్నా మూడు రెట్లు వేగంగా పరుగెత్తగలదు. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా జతకట్టే కాలం, మగవాటికి చిరాకెక్కువ.

- సెల్ఫీ వద్దు. జంతువుకు వీపు తిప్పి నవ్వుతూ నిలబడటం ఏం ధైర్యమో నాకర్థం కాదు. జూమ్ ఉంది, వాడండి.

- పిల్లల చెయ్యి వదలొద్దు.

- బేర్ స్ప్రే (ఎలుగుబంటిని ఆపే ఘాటైన కారం స్ప్రే) బ్యాగు అడుగున ఉంటే లేనట్టే, నడుముకు తగిలించుకోండి. గడువు తేదీ చూసి, సేఫ్టీ క్లిప్ తీయడం ముందే నేర్చుకోండి. దాన్ని ఒంటికి కొట్టుకోకూడదు, మీదికొచ్చే ఎలుగుబంటి వైపు కొట్టాలి.

- ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తొద్దు, మెల్లగా వెనక్కి నడవండి.

- తినే వస్తువులేవీ బయట వదలొద్దు.