మార్కాపురం నుంచి మెల్‌బోర్న్ దాకా: బిలియర్డ్స్ టేబుల్ పలకరాళ్ళను కంటైనర్‌లో తెచ్చుకునేవారికి

మాది మార్కాపురం. బడికి తీసుకెళ్ళిన పలక మా ఊరి చుట్టుపక్కల గనుల్లో తీసిన రాయే. అందుకని పలకరాయి గుణం చిన్నప్పుడే తెలిసింది. అది పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున సమంగా ఆధారం ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. రెండు చివరలా పట్టుకుని నడుమ గాల్లో వదిలేస్తే మాత్రం తన బరువుకు తానే విరుగుతుంది. బిలియర్డ్స్ టేబుల్ పచ్చగుడ్డ కింద ఉండేదీ ఇదే జాతి రాయి. మంచి టేబుళ్ళకు ఇటలీలోని లిగూరియా ప్రాంతపు రాయిని వాడతారు. అక్కడి లవాన్యా అనే ఊరి పేరే ఇటాలియన్ భాషలో నల్లబల్లకు మాటయింది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు మా ఊరే గుర్తొచ్చింది.

ఇంత తెలిసీ, హైదరాబాద్ ఇంట్లోని మా ఎనిమిది అడుగుల పూల్ టేబుల్‌ను మెల్‌బోర్న్ తెచ్చుకున్నప్పుడు మూడు పలకల్లో ఒకటి విరిగింది. రైల్లో, ఓడలో, రేవుల్లో దానికేమీ కాలేదు. మా ఇంటి గుమ్మం దగ్గర, చివరి పది అడుగుల్లో విరిగింది. సామాను జాబితాలో "పూల్ టేబుల్, 1" అని మాత్రమే రాశాం. బరువు రాయలేదు. అది చూసి దించడానికి ఇద్దరినే పంపారు. వాళ్ళు పలకను మంచంలా పడుకోబెట్టి ఎత్తారు. మూల మెట్టుకు తగిలింది, బంతి పడే పాకెట్ కోసం పలకను కోసిన చోట మొదలైన పగులు సగం దాకా పాకింది. కొత్తగా వస్తున్నవారికి ఆ బాధ రాకూడదనే ఇది రాస్తున్నాను. మీ లెక్కలు హైదరాబాద్ ఇంటి దగ్గర మొదలుపెట్టకండి. మెల్‌బోర్న్‌లో ఏ గదిలో, ఎవరు, ఎలా దించుతారన్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

ముందు బరువు లెక్క

పలకరాయి ఘనపు మీటరు సుమారు 2,700 నుంచి 2,800 కిలోలు తూగుతుంది. కాబట్టి టేపు ఒకటి ఉంటే బరువు మీరే కట్టుకోవచ్చు. ఎనిమిది అడుగుల టేబుల్ పలకల మొత్తం కొలత దాదాపు 2.4 మీటర్లు, 1.3 మీటర్లు, మందం 25 మిల్లీమీటర్లు. గుణిస్తే 215 కిలోల దగ్గర తేలుతుంది. మూడు ముక్కలు కనుక ఒక్కోటి 70 కిలోలు. పన్నెండు అడుగుల స్నూకర్ టేబుల్ కథ వేరు. దానికి ఐదు పలకలు, మందం 44 మిల్లీమీటర్ల పైచిలుకు, ఒక్కో పలక 165 కిలోల దాకా ఉంటుంది. చట్రం, కాళ్ళు కలిపితే మొత్తం టన్నున్నర దగ్గరికి వస్తుంది. మందం ఎంతో టేబుల్ కింద పడుకుని చూసి కొలవండి. మనదగ్గర కొన్న కొన్ని టేబుళ్ళలో 19 మిల్లీమీటర్ల పలక ఉంటుంది, కొన్నింటిలో పాలరాయి ఉంటుంది, చవకవాటిలో చెక్కపొట్టు అట్ట మాత్రమే. అట్ట టేబుల్ అయితే దయచేసి తేకండి, అక్కడే ఎవరికైనా ఇచ్చి రండి.

కంటైనర్ ఈ బరువు మోస్తుందా అని చాలామంది టెన్షన్ పడతారు. ఆ దిగులు అక్కర్లేదు. ఇరవై అడుగుల కంటైనర్ లోపల 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు ఉంటుంది, 33 ఘనపు మీటర్ల సామాను పడుతుంది, పాతిక టన్నులకు పైగా మోస్తుంది. మన ఇంటి సామానంతా నింపినా మూడు నాలుగు టన్నులే. కంటైనర్‌కు పలక బరువు లెక్కలోది కాదు. మనిషి నడుముకు, మెట్టు అంచుకు, మడమ కింద జారే నేలకే అది బరువు. 2016 జులై 1 నుంచి ఓడకెక్కే ప్రతి నిండు కంటైనర్ అసలు బరువు ముందే ప్రకటించాలన్న నియమం ఉంది. కాబట్టి పలకల బరువు ఏజెంట్‌కు ఎలాగూ చెప్పాలి. సామాను జాబితాలోనూ విడివిడిగా రాయండి: "పలకరాయి, 3 ముక్కలు, ఒక్కోటి 70 కిలోలు, నలుగురు మనుషులు కావాలి." ఈ ఒక్క వరుస మేం రాసి ఉంటే మా పలక నిలిచేది.

విడి కంటైనరా, నలుగురి సామానుతో కలిపి పంపడమా? కలిపి పంపేటప్పుడు ఘనపు మీటర్లు, టన్నులు రెండూ లెక్కగట్టి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకోవడం ఓడ రవాణాలో పద్ధతి. బట్టలు, సోఫాలకు ఘనపు మీటర్లే ఎక్కువవుతాయి. స్నూకర్ పలకల పెట్టెకు బరువే ఎక్కువ. ముప్పావు ఘనపు మీటరు కూడా రాని పెట్టె 850 కిలోలు దాటుతుంది. డబ్బు తేడా కన్నా నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి. కలిపి పంపిన సామానును గోడౌన్‌లో ఎక్కించి, ఇక్కడ మళ్ళీ గోడౌన్‌లో దించి, ఇంకో లారీకి ఎక్కిస్తారు. చేతులు మారిన ప్రతిసారీ పలకకు గండమే. ఇంటి సామాను ఎలాగూ తెస్తున్నారంటే విడిగా ఇరవై అడుగుల కంటైనర్ తీసుకుని, ఇంటి దగ్గర మూసిన తలుపు మళ్ళీ ఇంటి దగ్గరే తెరిచేలా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

విప్పడం, పెట్టెలో పెట్టడం

టేబుల్ విప్పడానికి ప్యాకర్స్ కుర్రాళ్ళను నమ్ముకోకండి. టేబుళ్ళు బిగించే ఫిట్టర్‌ను పిలవండి. గుడ్డ పలకకు జిగురుతోనో, కింద చెక్కకు పిన్నులతోనో అంటించి ఉంటుంది. రైల్స్, అంటే బంతి తగిలి తిరిగొచ్చే అంచు చట్టాల బోల్టులు కింది నుంచి విప్పాలి. పలకల అతుకుల్లో తేనెమైనం నింపి ఉంటుంది, మరలు ఆ మైనం కింద దాక్కుని ఉంటాయి. అవి కనపడక పలకను కడ్డీతో పెళ్ళగించబోయి పగలగొట్టినవాళ్ళున్నారు. విప్పే ముందు ఫోటోలు తీయండి. ప్రతి పలక వెనక సుద్దతో కాకుండా మార్కర్‌తో 1, 2, 3 అని, బాణం గుర్తు వేసి, అదే అంకె చట్రం మీదా రాయండి. ఈ మూడింటినీ ఫ్యాక్టరీలో ఒక జట్టుగా అరగదీసి, రంధ్రాలు కలిపి తొలుస్తారు. వరస మారితే అతుకు దగ్గర బంతి ఎగురుతుంది. ఒకటి విరిగితే దానికి సరిగ్గా అతికే ఇంకొకటి దొరకడం చాలా కష్టం.

ఎత్తేటప్పుడు పలకను ఎప్పుడూ అంచు మీద నిలబెట్టి, తలుపు రెక్కను మోసినట్టు మోయాలి. ఇది మా ఊరి గనుల్లో ఎవరూ పాఠంగా చెప్పరు, చేతికి వస్తుంది. పెట్టెలో పడుకోబెట్టవచ్చు, కానీ పెట్టె అడుగు గట్టి చెక్కతో, పలక మొత్తాన్నీ తాకేలా ఉండాలి. రెండు దుంగల మీద వంతెనలా పెట్టకూడదు. పలకకూ పలకకూ మధ్య నురుగు షీటు, నాలుగు మూలలకూ దళసరి రక్షణ, పాకెట్ కోతల దగ్గర ఇంకొంచెం ఎక్కువ. పెట్టె కింద ఫోర్క్‌లిఫ్ట్ పళ్ళు దూరే సందు ఉంచండి. పైన "మీద ఏమీ పెట్టకూడదు" అని ఇంగ్లిష్‌లో రాయించండి, బరువు కూడా వేయించండి. కంటైనర్‌లో పెట్టెను ఒక మూలకు నెట్టకుండా నేల మీద మధ్య భాగంలో పెట్టి, చుట్టూ చెక్కదుంగలు కొట్టించి, బెల్టులతో గోడ కొక్కేలకు కట్టించాలి. సముద్రంలో ఓడ అటూ ఇటూ ఒరిగినప్పుడు కదిలే బరువే ప్రమాదం. అదీగాక తలుపు దగ్గరున్న తేలిక అట్టపెట్టెలు ముందు దిగితే, పలకలు దించేటప్పటికి చోటు దొరుకుతుంది. ఆ క్రమం కూడా మీరే నిలబడి చూసుకోండి. పలకకు చెమ్మతో పనిలేదు గానీ, దాని అడుగున అంటించిన అట్ట, రైల్స్ చెక్క చెమ్మకు ఉబ్బుతాయి. తేమ పీల్చే సంచులు నాలుగైనా వేలాడదీయండి.

పెట్టె చెక్క గురించి మర్చిపోవద్దు. ప్యాకింగ్ చెక్కకు ఉన్న ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్కను నడిభాగం దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, గోధుమ కంకి గుర్తుతో హెచ్‌టీ (వేడి చేసిన చెక్క అని) ముద్ర వేయాలి. ముద్ర లేని చెక్క ఆస్ట్రేలియా రేవులో ఆగిపోతుంది. వరిగడ్డి అసలు వద్దు. రాళ్ళకు, గాజుకు గడ్డి వేసి కట్టడం మనకు అలవాటు, ఇక్కడ అది నిషిద్ధం. పండ్ల అట్టపెట్టెలు, గుడ్ల ట్రేలు కూడా వాడొద్దు. టేబుల్ కాళ్ళ అడుగున మట్టి, లోపలి బంతుల గాడిలో బూజు, సాలెపురుగులు, ఎండిన పురుగులు అన్నీ వాక్యూమ్‌తో శుభ్రం చేయించండి. ఇక్కడి బయోసెక్యూరిటీ అధికారులు మట్టిని, చెక్కను చూసే తీరు కఠినంగానే ఉంటుంది. రుబ్బురోలు, సన్నికల్లు తెచ్చుకునేవారికీ ఇదే మాట. రాయికి అభ్యంతరం లేదు, దానికి అంటిన మట్టికీ పిండికీ ఉంది.

చట్రం శీషం చెక్కతోనో, రోజ్‌వుడ్‌తోనో చేసినదైతే ముందే ఏజెంట్‌తో మాట్లాడండి. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నీ అంతరించే ప్రమాదమున్న జీవజాతులను కాపాడే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి, బరువును బట్టి పత్రాలు కావాల్సి రావచ్చు. పాత క్లబ్బుల నుంచి కొన్న దంతపు బంతులు ఉంటే ఇండియాలోనే వదిలేయండి.

కాగితాలు, బీమా, ఇల్లు

ఆస్ట్రేలియాలో కస్టమ్స్ కోసం బీ534 అనే పత్రం నింపాలి. మీరు ఇక్కడికి చేరాక, పాస్‌పోర్ట్ కాపీ, సామాను జాబితాతో కలిపి ఇస్తారు. బయలుదేరే ముందు కనీసం 12 నెలలు మీ సొంతంగా ఉండి, మీరు వాడిన వస్తువులకు సుంకం ఉండదు. కాబట్టి "వెళ్ళే ముందు ఒక కొత్త టేబుల్ కొనేద్దాం" అనుకోకండి. అలా కొంటే సుంకంతో పాటు 10 శాతం జీఎస్టీ కూడా పడవచ్చు. పాత బిల్లు ఉంటే దాచి తీసుకురండి. హైదరాబాద్‌లో చాలా సామాను సనత్‌నగర్ డిపో నుంచి రైల్లో రేవుకు వెళ్ళి, అక్కడి నుంచి దారిలో ఓడ మారి వస్తుంది. నెలన్నర నుంచి రెండున్నర నెలలు పట్టేలా లెక్క వేసుకోండి.

బీమా కాగితం మీద సంతకం పెట్టే ముందు రెండు విషయాలు చూడండి. మీరే ప్యాక్ చేసిన పెట్టెలకు చాలా పాలసీలు లోపలి పగుళ్ళకు డబ్బు ఇవ్వవు. అందుకే పలకల పెట్టె కంపెనీ చేతే ప్యాక్ చేయించి, జాబితాలో అలా రాయించండి. రెండోది, జతలు, సెట్ల గురించిన షరతు. సెట్‌లో ఒకటి విరిగితే ఆ ఒక్కదానికే డబ్బు ఇస్తామని అందులో ఉంటుంది. మాకు అదే జరిగింది. ఒక పలక ధర ఇచ్చారు, కానీ మిగతా రెండింటికి అతికేది దొరకక మేం మూడూ కొత్తవి కొనాల్సి వచ్చింది. "మూడు పలకలూ కలిపి ఒకే వస్తువు" అని పాలసీలో రాయించడానికి గట్టిగా అడగండి. అదనపు ప్రీమియం కట్టాల్సి వచ్చినా కట్టండి.

ఇక్కడ కంటైనర్ రెండు విధాలుగా వస్తుంది. మామూలు ట్రెయిలర్ మీద వస్తే దాని నేల మనిషి నడుము కన్నా ఎత్తులో ఉంటుంది, అంత ఎత్తు నుంచి పలకను చేతులతో దించాలి. సైడ్‌లోడర్ లారీ అయితే తన క్రేన్ చేతులతో కంటైనర్‌ను నేల మీదే దించి వెళ్తుంది. పలకలుంటే సైడ్‌లోడరే అడగండి. మీ వీధిలో పైన కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు, వాకిలి వాలు ఎలా ఉన్నాయో ఫోటోలు తీసి ముందే పంపండి. ఖాళీ కంటైనర్ ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న గడువుంటుంది, దాటితే రోజుకింత జరిమానా. దించే రోజుకు నలుగురు మనుషులు, స్నూకర్ టేబుల్ అయితే ఆరుగురు, పలకలను నిలువుగా తోసే ట్రాలీ ఉన్నారో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. స్థానిక ఫిట్టర్‌ను అదే రోజుకు మాట్లాడుకుంటే పలక నేరుగా చట్రం మీదికే చేరుతుంది.

ఇక గది సంగతి. ఎనిమిది అడుగుల టేబుల్ చుట్టూ కర్ర ఆడాలంటే 5.2 మీటర్లకు 4 మీటర్ల గది కావాలి. పన్నెండు అడుగులదానికి 22 అడుగులకు 16. మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ వైపు మనవాళ్ళు ఎక్కువగా అద్దెకు తీసుకునే కొత్త ఇళ్ళలో కింది అంతస్తు కాంక్రీటు నేల, బరువుకు ఇబ్బంది లేదు. లోపలి నగరంలో పాత ఇళ్ళు చెక్క దిమ్మెల మీద, చెక్క నేలతో ఉంటాయి. అక్కడ పెట్టే ముందు యజమానిని, అవసరమైతే ఇంజినీర్‌ను అడగాలి. పై అంతస్తులో స్నూకర్ టేబుల్ ఆలోచనే వద్దు.

అసలు తేవాలా అన్నదానికి నా సమాధానం, మొదటి ఏడాది అద్దె ఇంట్లో ఉండేవారు మామూలు టేబుల్‌ను తేకపోవడమే మేలు. ఇల్లు మారిన ప్రతిసారీ విప్పడం, మోయడం, మట్టం చూడడం, గుడ్డ మార్చడం, అంతా ఖర్చే. ఇక్కడ వాడిన టేబుళ్ళు, మోసుకెళ్ళేవాళ్ళు దొరికితే చాలన్నట్టు చవకగా దొరుకుతాయి. నాన్నగారు ఆడిన టేబుల్, తాతల నాటి టేబుల్ అయితే మాత్రం తెచ్చుకోండి, దానికి లెక్కలు వేరు. మేం తెచ్చుకున్నది కూడా అందుకే. పలకలు కొత్తవైనా, మా నాన్న చెయ్యి ఆనించిన రైల్స్ అవే.

బిగించాక రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ మట్టం చూపించండి. కాళ్ళ కింద కార్పెట్ నొక్కుకుని ఒక పక్క కొంచెం దిగుతుంది. పలకలు వచ్చిన పెట్టెలను పారేయకండి. విప్పి, చెక్కలకు నంబర్లు వేసి, మరలు ఒక డబ్బాలో ఉంచండి. మావి గరాజ్‌లో గోడకు ఆనించి ఉన్నాయి, మార్చిలో లీజు అయిపోతుంది.