బోరు నీళ్ల స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ వేసే ముందు చూడాల్సినవి

పోయిన ఎండాకాలం మా ఇంటి పూల్‌లో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా అయిపోయాయి. అడుగున టైల్స్ కనపడటం లేదు, పిల్లలు దిగిన పది నిమిషాలకే కళ్లు మండుతున్నాయంటూ బయటికొచ్చేశారు. మందులు అమ్మే షాపులో అడిగితే "క్లోరిన్ తక్కువైంది సార్, ఇంకో రెండు కేజీలు వేయండి" అన్నారు, వేశాం, నీళ్లు ఇంకా మసకబారాయి. ఆ తర్వాత నీళ్లు పరీక్షించే సరైన కిట్ తెప్పించి చూస్తే క్లోరిన్ కావాల్సినదానికన్నా ఎక్కువే ఉంది, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె) మాత్రం 8.2 దగ్గరుంది. మేం వేసింది కాల్షియం హైపోక్లోరైట్. అది పీహెచ్‌ని పెంచుతుంది, నీళ్లలో కాల్షియం కూడా కలుపుతుంది, అసలే మావి సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు, ఇక తెల్లబడక ఏమవుతాయి?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో, ఫాంహౌస్‌లలో చాలా పూల్స్‌కి బోరే ఆధారం కాబట్టి ఇదంతా రాస్తున్నా. కొలవకుండా ఏ మందూ వేయొద్దు, కొలిచాక కూడా క్లోరిన్ వంతు చివర్లోనే.

ముందు మీ పూల్‌లో ఎన్ని లీటర్లు పడతాయో తేల్చుకోండి. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మాది 30 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, ఒక వైపు మూడున్నర అడుగులు, ఇంకో వైపు ఐదున్నర అడుగుల లోతు. సగటు నాలుగున్నర, అంటే దాదాపు 50,000 లీటర్లు. కింద చెప్పే డోసులన్నీ దీనికే, మీది 25,000 అయితే సగం వేసుకోండి.

కిట్ దగ్గర డబ్బులు మిగుల్చుకోవాలని చూడొద్దు. పంచాయతీ నీళ్ల ట్యాంకు దగ్గర క్లోరోస్కోప్‌లో చుక్కలేసి పసుపు రంగు చూస్తారు కదా, ఆ ఓటీఓ మందు మొత్తం క్లోరిన్ ఎంతుందో చెబుతుంది గానీ, అందులో ఇంకా పనిచేసేది ఎంత, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి ఖర్చైపోయింది ఎంత అన్నది చెప్పదు. ఘాటు వాసన, కళ్ల మంట చాలావరకు ఆ ఖర్చైపోయిన క్లోరిన్ వల్లే. అందుకే గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తీసుకోండి. అందులో పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్‌ని కదలకుండా పట్టి ఉంచే గుణం), హార్డ్‌నెస్ (నీళ్లలోని సున్నం), స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా ఆపే మందు) పరీక్షలు కూడా ఉండాలి. స్ట్రిప్స్ అయితే డబ్బా మూత సరిగ్గా పెట్టకపోయినా, తడి చేత్తో తీసినా పాడైపోతాయి.

పరీక్షకి నీళ్లు తీసే పద్ధతి కూడా చెప్పాలి, పైపైన ముంచి తీస్తే లెక్క తప్పుతుంది. ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగొచ్చే చోటికి దూరంగా నిలబడి, సీసాని బోర్లా పట్టుకుని మోచేయి మునిగేదాకా దించి, అక్కడ తిప్పి నింపండి. కిట్‌లోని గొట్టాన్ని వేలితో మూసి ఊపొద్దు, వేలికున్న చెమట కూడా రీడింగ్‌ని మార్చేస్తుంది, మూతే పెట్టండి. రంగుని ఎండకు వీపు పెట్టి, తెల్ల కాగితం ముందు చూడండి. ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి: డీపీడీ వేయగానే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైపోతే క్లోరిన్ లేదని కాదు, రంగునే పోగొట్టేంత ఎక్కువుందని. అప్పుడు సగం పూల్ నీళ్లు, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెని రెట్టింపు చేసుకోండి.

మొదట ఆల్కలినిటీ చూడండి, 80 నుంచి 120 పీపీఎం (లీటర్‌కి మిల్లీగ్రాములు) మధ్య ఉండాలి. మా బోరు నీళ్లలో 260 వచ్చింది. ఇది ఎక్కువుంటే పీహెచ్‌ని ఎన్నిసార్లు దించినా మళ్లీ పైకే పోతుంది. 30 నుంచి 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటర్ వేస్తే 50,000 లీటర్లలో ఆల్కలినిటీ సుమారు 10 తగ్గుతుంది, పీహెచ్ కూడా దిగుతుంది. ఒకేసారి మొత్తం కుమ్మరించొద్దు. లీటర్ వేసి, మోటారు నడిపి, నాలుగైదు గంటలయ్యాక మళ్లీ కొలవండి. పీహెచ్ 7.2కి వచ్చిందంటే ఆపేసి, ఫౌంటెన్ లాంటిది ఏదైనా ఉంటే నడిపి నీళ్లకు గాలి తగలనివ్వండి, పీహెచ్ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు మళ్లీ వేయండి. మాకు ఈ పనికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఆల్కలినిటీ తక్కువైన వాళ్లకి తేలిక, 850 గ్రాముల వంటసోడా వేస్తే 10 పెరుగుతుంది.

పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, నేనైతే 7.5 దగ్గర ఉంచుతాను. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8కి వెళ్తే అది నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే మేం కేజీలు కేజీలు వేసినా ఫలితం రాలేదు.

ఇక క్లోరిన్. ఒక పీపీఎం పెంచాలంటే 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడి 77 గ్రాములు, లేదా 10 శాతం లిక్విడ్ క్లోరిన్ అర లీటర్ సరిపోతుంది. స్టెబిలైజర్ లేకుండా మన ఎండకి క్లోరిన్ కొన్ని గంటల్లోనే ఎగిరిపోతుంది, అది 30 నుంచి 50 పీపీఎం దాకా ఉండాలి, దానికి తగ్గట్టు క్లోరిన్ 3, 4 పీపీఎం ఉంచండి. అయితే టీసీసీఏ అనే క్లోరిన్ మాత్రల్లో స్టెబిలైజర్ కలిసే ఉంటుంది. కిలో మాత్రలు కరిగితే 11 పీపీఎం పెరుగుతుంది, నీళ్లు మార్చితే తప్ప తగ్గదు, మరీ ఎక్కువైతే క్లోరిన్ పనితనం మందగిస్తుంది. ఏళ్ల తరబడి మాత్రలే వాడి, క్లోరిన్ ఉన్నా పాచి పడుతోందని బాధపడేవాళ్లు ముందు స్టెబిలైజర్ పరీక్ష చేయించాలి. పాచికి మైలుతుత్తం వేయమని చెప్పేవాళ్లుంటారు, వద్దు, అందులోని రాగి వల్ల గోడలకు మరకలు పడతాయి, జుట్టుకి పచ్చదనం పడుతుంది.

హార్డ్‌నెస్ 200 నుంచి 400 దాకా పర్వాలేదు. ఎండకి ఆవిరైపోయేది నీళ్లే, సున్నం పూల్‌లోనే ఉండిపోతుంది, మళ్లీ బోరు నీళ్లు కలిపితే ఇంకొంచెం చేరుతుంది. అందుకే వర్షాకాలంలో కొన్ని నీళ్లు తీసేసి, మేడ మీది శుభ్రమైన వాన నీళ్లని పూల్‌లోకి మళ్లిస్తాం. వాన నీళ్లు పడ్డాక ఆల్కలినిటీ, స్టెబిలైజర్ రెండూ మళ్లీ కొలవాలి.

జాగ్రత్తల విషయంలో మాత్రం రాజీ పడొద్దు, మీ వాచ్‌మన్‌తో చేయించేటట్టయితే పక్కన నిలబడి చెప్పండి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది, రెంటినీ ఒకే గదిలో పెట్టొద్దు. కాల్షియం హైపోక్లోరైట్, టీసీసీఏ కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా, కాబట్టి ఒకే గరిటె రెంటికీ వాడొద్దు. గ్లౌజులు, కళ్లజోడు తప్పనిసరి.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా నీళ్లు మెరవకపోతే, పొద్దు గుంకాక ఒకసారి, తెల్లారి ఎండ రాకముందు ఒకసారి క్లోరిన్ కొలవండి. రాత్రి ఎండ లేదు, ఎవరూ దిగలేదు. అయినా ఒక పీపీఎం కన్నా ఎక్కువ తగ్గిందంటే కంటికి కనపడని పాచి లోపల ఇంకా బతికే ఉందన్నమాట, గోడలు, మెట్ల మూలలు, నిచ్చెన వెనకాల బ్రష్‌తో రుద్ది, ఆ రాత్రి తేడా అర పీపీఎంకి వచ్చేదాకా క్లోరిన్ పెంచి ఉంచండి.