స్వేచ్ఛా మార్కెట్‌ను బోధించే ఎకనామిక్స్ ప్రొఫెసర్ కావాలంటే

ఏ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లోనూ ‘ఫ్రీ మార్కెట్ ప్రొఫెసర్’ అని పోస్టు పడదు. పోస్టు పడేది ఎకనామిక్స్‌కు. సెలెక్షన్ కమిటీలో మీ ఆలోచనతో ఏకీభవించేవాళ్లు ఒకరిద్దరున్నా అదృష్టమే. మిగతావాళ్లు కూడా ‘ఈ అభ్యర్థికి పని వచ్చు’ అని ఒప్పుకోవాలి. అందుకని ధరలు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో రెండూ లెక్క వేసి చూపించడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. రెండోది చూపించలేనివాళ్లు మొదటిది చెబితే ఎవరూ నమ్మరు.

మన దేశంలో ఇందుకు ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్‌ను చూడాలి. రెండో పంచవర్ష ప్రణాళిక మీద 1955లో ఆర్థికవేత్తల ప్యానెల్ ఒక మాట చెబితే, అసమ్మతి పత్రం రాసింది ఆయనొక్కరే. దేశం పొదుపు చేసేదానికి మించి లోటు బడ్జెట్‌తో ఖర్చు పెడితే ధరలు పెరుగుతాయని, విదేశీ మారకం కరిగిపోతుందని హెచ్చరించారు. 1957కల్లా విదేశీ మారకద్రవ్య సంక్షోభం వచ్చిపడింది. ఆయన వాదనకు పట్టు పొదుపు, పెట్టుబడుల లెక్కలోనే ఉంది. ఒంటరిగా నిలబడాల్సి వచ్చినప్పుడు చేతిలో ఉండాల్సింది అలాంటి లెక్కే.

ముందు గణితం

ఈ వైపు వచ్చే పిల్లలు చాలామంది స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించిన ఆర్థికవేత్తలు హయెక్‌నో, ఫ్రీడ్‌మన్‌నో చదివి ఉత్సాహంతో వస్తారు. అది మంచిదే. కానీ పీహెచ్‌డీ మొదటి ఏడాది మైక్రో ఎకనామిక్స్ క్లాసులో కూర్చున్నాక ఆ ఉత్సాహం ఒక్కటే సరిపోదు. డిగ్రీ అయ్యేలోపు నాలుగు పేపర్లు గట్టిగా చేసి ఉండాలి: మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, రియల్ అనాలిసిస్. బీటెక్ వాళ్లకు మొదటి మూడూ ఎంతోకొంత వస్తాయి, నాలుగోది రాదు. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ చదివి బీఏలో చేరినవాళ్లకు నాలుగూ కొత్తే. వాళ్లు దగ్గరలోని బీఎస్సీ మ్యాథ్స్ లెక్చరర్‌ను పట్టుకుని రోజుకు రెండు గంటల చొప్పున ఏడాది కూర్చోవాలి. ఇందులో అడ్డదారి లేదు. అడ్మిషన్ కమిటీలు మార్కుల జాబితాలో రియల్ అనాలిసిస్ ఉందా లేదా అని ప్రత్యేకంగా చూస్తాయి, ఎందుకంటే నిరూపణ రాయడం వచ్చా రాదా అన్నది అక్కడే తేలుతుంది.

ఇక్కడే చదివితే

ఎంఏకు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి ఎంఎస్‌క్యూఈ (క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌లో మాస్టర్స్), ముంబైలో ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్ (ఐజీఐడీఆర్), మనకు దగ్గరగా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. వీటిలో గణితం ఎక్కువ కావాల్సింది ఎంఎస్‌క్యూఈకి.

తర్వాత నెట్, అంటే అధ్యాపక ఉద్యోగానికి, పరిశోధన ఫెలోషిప్‌కు జాతీయ అర్హత పరీక్ష. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, మొత్తం మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న వదిలేసి వచ్చినా మీ పొరపాటే. ఎకనామిక్స్ బాగా వచ్చినవాళ్లు ఎక్కువగా జారేది పేపర్ 1లో. బోధన పద్ధతులు, రీజనింగ్, డేటా ఇంటర్‌ప్రెటేషన్‌లను చిన్నచూపు చూసి మార్కులు పోగొట్టుకుంటారు. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే జూనియర్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాతి సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) దశలో 42,000.

అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం లెవెల్ 10లో 57,700, ప్రొఫెసర్‌కు లెవెల్ 14లో 1,44,200 దగ్గర మొదలవుతుంది. డీఏ, హెచ్‌ఆర్‌ఏ వీటికి అదనం. మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎక్కువగా ఆగేది పరిశోధన వ్యాసాల దగ్గర. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలో పది వ్యాసాలు వేసుకుంటే ఆ రోజుకు ఫైలు నిండుతుంది. ఇంటర్వ్యూలో విషయ నిపుణుడు ఒక వ్యాసం తెరిచి ‘ఈ పట్టికలో ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్) ఎలా లెక్కగట్టారు’ అని అడిగితే ఆ పదీ పనికిరావు.

అమెరికా దారి

దరఖాస్తులు డిసెంబరులో, కొన్నిచోట్ల జనవరి మొదట్లో ముగుస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో ఫలితాలు వస్తాయి. ఆర్థిక సాయంతో సీటు వస్తే చేరేదీ లేనిదీ ఏప్రిల్ 15లోపు చెప్పాలి. జీఆర్‌ఈ అడిగేచోట క్వాంట్‌లో 170కి 167 తగ్గకుండా చూసుకోండి. ఎంఎస్‌కు మాదిరి అప్పు చేసి వెళ్లే చదువు కాదిది. మంచి పీహెచ్‌డీ ప్రోగ్రాములో ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. స్టైపెండ్ లేని సీటు వస్తే వదులుకోవడం మేలు.

మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనమెట్రిక్స్ (ఆర్థిక గణాంకాల విశ్లేషణ). వేసవిలో ప్రిలిమ్స్, అంటే వాటి మీద అర్హత పరీక్షలు. తప్పితే సాధారణంగా ఇంకొక్క అవకాశం ఇస్తారు, అదీ తప్పితే మాస్టర్స్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఈ గట్టు దాటాకే మీ అభిరుచికి తగ్గ పని మొదలవుతుంది.

ఎక్కడ చేరాలి అన్నదాని మీద మా అభిప్రాయం సూటిగా చెబుతాం. స్వేచ్ఛా మార్కెట్ సంప్రదాయం పేరు చెప్పగానే రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి షికాగో: ఫ్రీడ్‌మన్ 1946 నుంచి 1976 దాకా అక్కడే బోధించారు, ఆర్థికవేత్తలు స్టిగ్లర్, కోస్, బెకర్ అక్కడివారే. రెండోది వర్జీనియాలోని జార్జ్ మేసన్: 1986లో నోబెల్ అందుకున్న బుకానన్, 2002లో అందుకున్న వెర్నన్ స్మిత్ ఆ సమయాల్లో అక్కడ ఉన్నారు. షికాగోలో సీటు రావడమే గగనం. జార్జ్ మేసన్‌లో మనసుకు నచ్చే గురువులు దొరుకుతారు, కానీ అక్కడి పట్టాతో పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం కష్టం. బోధన ప్రధానమైన కాలేజీలు, విధాన పరిశోధన సంస్థల వైపు దారి తేలిక. ఏది కావాలో చేరకముందే తేల్చుకోండి. ఆ డిపార్టుమెంటు వెబ్‌సైట్‌లో గత ఐదేళ్ల ప్లేస్‌మెంట్ జాబితా ఉంటుంది. పేరుపేరునా చదవండి. జాబితా పెట్టని డిపార్టుమెంటును అనుమానించండి.

చివరి ఏడాది జాబ్ మార్కెట్, అంటే ప్రొఫెసర్ ఉద్యోగాల వేట. ఒక్క వ్యాసం మీద బతుకు ఆధారపడి ఉంటుంది, అది వేసవి ముగిసేలోపు సిద్ధం కావాలి. ముగ్గురు ప్రొఫెసర్ల ఉత్తరాలు, వందకు పైగా దరఖాస్తులు మామూలే. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ ద్వారా ‘మీ ఉద్యోగం మీద నాకు నిజంగా ఆసక్తి ఉంది’ అని రెండంటే రెండే సంకేతాలు పంపనిస్తారు. వాటిని హార్వర్డ్‌కు పంపి వృథా చేయకండి. మీరు వస్తారని వాళ్లు అనుకోని చోటుకు పంపితేనే ఫలితం. తర్వాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, అది దాటితే క్యాంపస్‌కు పిలుపు, గంటన్నర సెమినార్. మొదటి పది నిమిషాల్లోనే ప్రశ్నలు మొదలవుతాయి. ముఖ్య ఫలితం మూడో స్లైడులోపు చెప్పేయాలి. మనవాళ్లకు ఇంకో మాట: విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు హెచ్‌1బీ లాటరీ వర్తించదు.

చేరాక టెన్యూర్‌కు, అంటే ఉద్యోగం శాశ్వతం కావడానికి, సుమారు ఆరేళ్ల గడువు. ఈ ఆరేళ్లలో పత్రికలకు వ్యాఖ్యలు రాయడం, టీవీ చర్చలు తగ్గించండి.

దాతల డబ్బు

మార్కెట్ అనుకూల పరిశోధనకు ప్రైవేటు ఫౌండేషన్ల నిధులు దొరుకుతాయి. తీసుకోవడం తప్పేమీ కాదు, ఒప్పందం చదవకుండా తీసుకోవడం తప్పు. జార్జ్ మేసన్‌లో కొన్ని పాత విరాళాల ఒప్పందాల్లో నియామకాల విషయంలో దాతలకు ప్రమేయం ఉన్నట్టు 2018లో బయటపడింది. ఆ ఒప్పందాలు విద్యా స్వాతంత్ర్య ప్రమాణాలకు తగ్గట్టు లేవని విశ్వవిద్యాలయ అధ్యక్షుడే ఒప్పుకోవాల్సి వచ్చింది. అలాంటివి బయటపడితే నిజాయతీగా పనిచేసినవాళ్ల వ్యాసాల మీదా నీడ పడుతుంది. సంతకం పెట్టేముందు మూడు చూసుకోండి: ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీకుందా, డేటా ఎవరి సొంతం, మిమ్మల్ని తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉంది. ప్రతి వ్యాసం మొదటి పేజీలోనే నిధులు ఎక్కడివో రాయండి.

క్లాసులో టమాటా వేలం పాట

ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవాల్సింది ఇదే. వెర్నన్ స్మిత్ 1956లో పర్డ్యూ యూనివర్సిటీ క్లాసులో చేసిన ప్రయోగమే దీనికి మూలం. తన గురువు చేంబర్లిన్ హార్వర్డ్‌లో చేసినప్పుడు విద్యార్థులు జంటలుగా విడివిడిగా బేరమాడారు, ధర కుదురుకోలేదు. స్మిత్ రెండు మార్పులు చేశారు: బేరం అందరికీ వినబడాలి, అదే మార్కెట్ మళ్లీ మళ్లీ నడవాలి. ధర కుదురుకుంది.

ఇరవై మంది పిల్లలు, ఇరవై చీటీలు, ఒక గంట చాలు. మదనపల్లె యార్డులో టమాటా పెట్టెలు అమ్ముతున్నామని చెప్పండి. పదిమంది రైతులు, ఒక్కొక్కరి దగ్గర ఒక పెట్టె. వాళ్ల చీటీల మీద ఖర్చులు: 80, 120, 160, 200, 240, 280, 320, 360, 400, 440. పదిమంది కొనేవాళ్లు, ఒక్కొక్కరూ ఒక్క పెట్టే కొనాలి. వాళ్ల చీటీల మీద ఆ పెట్టె తమకు ఎంత విలువో: 500, 460, 420, 380, 340, 300, 260, 220, 180, 140. చీటీ ఎవరికీ చూపకూడదు. ఖర్చుకు తగ్గించి అమ్మకూడదు, విలువకు మించి కొనకూడదు. ఎవరైనా గట్టిగా ధర అరవచ్చు, ఎవరైనా ‘ఇచ్చా’, ‘కొన్నా’ అనవచ్చు. ఒక్కో రౌండు నాలుగు నిమిషాలు. కుదిరిన ప్రతి ధరా బోర్డు మీద రాయండి.

మొదటి రౌండులో ధరలు చెల్లాచెదురుగా ఉంటాయి, కంగారు పడకండి. మూడు, నాలుగు రౌండ్లకల్లా 280–300 మధ్యకు దిగుతాయి, ఆరు పెట్టెలు అమ్ముడవుతాయి. అన్ని చీటీలూ చూసినవాళ్లు గదిలో మీరు తప్ప ఎవరూ లేరని అప్పుడు చెప్పండి. కొనేవాళ్ల విలువలోంచి రైతుల ఖర్చు తీసేస్తే మొత్తం లాభం 1,320.

తర్వాతి రౌండులో 200కు మించి అమ్మకూడదని ఆర్డరు వేయండి. ఎనిమిది మంది కొంటామంటారు, అమ్మేందుకు నలుగురే మిగులుతారు, అందులో నాలుగో రైతుకు లాభం సున్నా. నాలుగు పెట్టెలూ బాగా అవసరమైనవాళ్లకు చేరితే మొత్తం లాభం 1,200. ముందు అరిచినవాళ్లకు, అంటే 220, 260, 300, 340 చీటీలవాళ్లకు చేరితే 560కి పడిపోతుంది. పెట్టెల సంఖ్య మారలేదు, ఎవరికి చేరాయన్నదే మారింది. ధరల నియంత్రణతో వచ్చే నష్టంలో పాఠ్యపుస్తకంలో అమ్మకాలు తగ్గిన నష్టాన్ని చూపే త్రిభుజం చూపించనిది ఇదే.

ఇక్కడితో ఆపేసే ప్రొఫెసర్లు ఉన్నారు. ఆపకండి. ఇప్పుడు కొనేవాళ్ల పది చీటీలూ ఒకే విద్యార్థినికి ఇవ్వండి, వ్యాపారులంతా కుమ్మక్కయ్యారని చెప్పండి. అందరికీ ఒకే ధర ఇవ్వాలన్నది షరతు. ఐదో పెట్టె కావాలంటే ధర 240కి పెంచాలి. అప్పుడు ముందు నాలుగింటికీ తలా 40 ఎక్కువ ఇవ్వాలి, అంటే ఆ ఒక్క పెట్టెకు పడేది 400. దాని విలువ 340. అందుకని నాలుగే కొని, 200 ఇచ్చి ఊరుకుంటుంది. ఆ సమయంలో 290 కనీస ధర ప్రకటించండి. ఇక తక్కువ కొని ధర దించే వీలు ఆమెకు లేదు. 290కి మించిన విలువ ఉన్న ఆరు పెట్టెలూ కొంటుంది. పోటీ ఉన్నప్పుడు కనీస ధర 380 పెట్టి చూడండి, అమ్మకాలు ఆరు నుంచి నాలుగుకు తగ్గుతాయి. యార్డులో కుమ్మక్కు ఉన్నప్పుడు మాత్రం 290 కనీస ధర నాలుగును ఆరు చేసింది. రైతుబిడ్డలున్న క్లాసులో ఈ రౌండు తర్వాత ప్రశ్నలు ఆగవు.

పాట చెడిపోయేది ఎక్కడంటే: పక్కవాళ్లకు చీటీ చూపడం, ఊరికే సరదాకు నష్టానికి అమ్మడం, మొదటి రౌండుతోనే ఆపేయడం. లాభంలో ప్రతి వందకు ఇంటర్నల్‌లో చిన్న మార్కు కలుపుతామంటే మొదటి రెండూ పోతాయి. మూడోది మీ చేతిలో ఉంది. విద్యార్థులు బేసి సంఖ్యలో వస్తే మిగిలినవాళ్లకు ధరలు రాసే పని అప్పజెప్పండి. చివర్లో చీటీలన్నీ బల్ల మీద పరిచి గిరాకీ, సరఫరా గీతలు వాళ్ల చేతే గీయించండి. వచ్చే క్లాసుకు దగ్గరి యార్డులో వారం రోజుల పాట ధరలు, పాడిన వ్యాపారుల సంఖ్య రాసుకుని రమ్మనండి.