భిన్నాలు, దశాంశాల్లో పిల్లల తప్పులు: కారణాలు, పరిష్కారాలు

మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు భిన్నాల్లో చేసే తప్పులు చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. పూర్ణ సంఖ్యల్లో ఇన్నాళ్లూ చక్కగా పనిచేసిన నియమాన్నే వాళ్లు ఇక్కడా వాడతారు. అందుకే ఎర్ర సిరాతో కొట్టేసే ముందు "ఎలా చేశావో చెప్పు" అని అడగండి. కారణం పిల్లల నోటి నుంచే బయటపడుతుంది.

సామగ్రి కొంచెమే: 12 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీలు, పది వరసల్లో పదేసి గళ్లున్న కాగితం.

"1/3 కంటే 1/4 పెద్దది" అంటారు

3 కంటే 4 పెద్దది కదా అన్నది వాళ్ల తర్కం. ఒక పట్టీని మూడు, మరోదాన్ని నాలుగు సమభాగాలు చేయించండి. మూడు సమానమైన మడతలు వేయడం చిన్న చేతులకు కష్టం, స్కేలుతో గీతలు పెట్టించడమే మేలు. ఒక భాగం 4 సెంటీమీటర్లు, మరొకటి 3. పంచుకునేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుందని కళ్లారా చూస్తారు.

అక్కడే ఆపితే మరో చిక్కు వస్తుంది. "హారం పెద్దదైతే భిన్నం చిన్నది" అని బట్టీ పట్టి, 3/4 కంటే 2/3 పెద్దదంటారు. అదే రోజు అవే పట్టీల మీద 9 సెంటీమీటర్లనూ 8 సెంటీమీటర్లనూ పక్కపక్కన పెట్టించండి.

వృత్తాన్ని ఎలాగోలా మూడు ముక్కలుగా గీసి, ఒకటి 1/3 అంటారు

ముందే సమానంగా గీసి ఉన్న బొమ్మలకే రంగులు వేయించాం కాబట్టి, ముక్కలు లెక్కపెట్టడం మాత్రమే వాళ్లకు వచ్చింది. అసమాన భాగాలున్న బొమ్మలనూ కలిపి ఇచ్చి, ఏది 1/3 కాదో చెప్పించండి. మొదట్లో దీర్ఘచతురస్రాలు చాలు.

1/2 + 1/3 = 2/5 అని రాస్తారు

అన్నిటికంటే మొండి తప్పు ఇదే. పిల్లలకు 1/2 ఒక సంఖ్యగా కనిపించదు, పైనొకటి కిందొకటి రెండు సంఖ్యలుగా కనిపిస్తుంది. మనం "మూడు బై నాలుగు" అని చదివించడం దీన్ని ఇంకా పెంచుతుంది. "నాలుగింట మూడు వంతులు" అని కూడా పలికించండి.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) నియమంతో మొదలుపెట్టవద్దు. ముందు జవాబును ప్రశ్నించనివ్వండి. పట్టీలో సగం 6 సెంటీమీటర్లు. దానికి ఇంకొంత కలిపాం. మరి 2/5 అంటే 12లో 4.8 మాత్రమే, సగానికి కూడా రాలేదు! ఈ తేడా కళ్లకు కట్టాక సరైన జవాబు కోసం వాళ్లే వెతుకుతారు. 6, 4 సెంటీమీటర్ల ముక్కలను చేర్చి, రెండింటినీ సరిగ్గా కొలిచే చిన్న ముక్క ఏదో వెతికించండి. 2 సెంటీమీటర్ల ముక్క సరిపోతుంది. అది పట్టీలో ఆరో వంతు. అవి మూడు, రెండు కలిసి ఐదు: 5/6. క.సా.గు.ను ఆ తర్వాత చెబితే, తాము చేసిన పనికే పేరు దొరికినట్టు ఉంటుంది.

చురుకైన పిల్లలు ఒక ప్రశ్న వేయవచ్చు: "ఒక పరీక్షలో 3/5, ఇంకోదానిలో 4/5 వస్తే మొత్తం 7/10 అంటారు కదా?" మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. అక్కడ మొత్తం మార్కులు 5 నుంచి 10కి మారాయి. మన పట్టీ మాత్రం మారలేదు.

0.6 కంటే 0.45 పెద్దది అంటారు

6 కంటే 45 పెద్దది కదా అనుకుంటారు. "పాయింట్ నలభై ఐదు" అని చదివే పెద్దలదీ ఇందులో భాగముంది. "పాయింట్ నాలుగు ఐదు" అని చదవండి. రూపాయలు, పైసల ఉదాహరణ ఇప్పుడు అంత పనిచేయదు. 25 పైసలు, అంతకు తక్కువ విలువగల నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి, ఈ పిల్లలు పైసలు ఖర్చుపెట్టి ఎరుగరు. వంద గళ్ల కాగితమే నయం. 0.6 అంటే ఆరు నిండు వరసలు. 0.45 అంటే నాలుగు వరసలు, ఐదు గళ్లు.

ఒక్క జతతోనే పరీక్షించి తృప్తి పడవద్దు. "అంకెలు తక్కువగా ఉన్నదే పెద్దది" అని నమ్మే పిల్లలు కూడా 0.6 పెద్దదని సరిగ్గానే చెబుతారు. 0.3, 0.47 ఇచ్చి చూడండి, వాళ్లు అక్కడ దొరికిపోతారు.

2.3 + 1.45 = 1.68 వస్తుంది

పూర్ణ సంఖ్యల్లాగా కుడి అంచుకు సర్ది కూడతారు. గళ్ల పుస్తకంలో బిందువు కింద బిందువు వేయించండి. "రెండూ ఒకటీ కలిస్తేనే మూడు కదా?" అని ముందుగా అంచనా అడిగితే, తప్పు వాళ్లకే తెలుస్తుంది.

1/4ను 0.4 అని రాస్తారు

గీత తీసి బిందువు పెడితే చాలనుకుంటారు. వంద గళ్లను నలుగురికి పంచమనండి: తలా 25, అంటే 0.25. తర్వాత 1/2, 3/4 చేయించండి. 1/3 దగ్గర తలా 33 వచ్చి ఒక గడి మిగులుతుంది. దాన్ని పది ముక్కలు చేయిస్తే తలా 3 వచ్చి మళ్లీ ఒక ముక్క మిగులుతుంది. "ఇది ఎప్పటికి ఆగుతుంది?" అని పిల్లలు అడిగితే, వెంటనే జవాబు చెప్పకుండా ఇంకో రెండుసార్లు పంచనివ్వండి.