పంపు నాజిల్ ఫెయిల్ అంటోందా? స్ప్రింగ్ పెట్టే ముందు అక్షాలు చూడండి

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో అల్యూమినా, పేపర్ ప్లాంట్ల పైపింగ్ చేసే మన తెలుగు కుర్రాళ్లు నాకు ఎక్కువగా ఫోన్ చేసేది ఇందుకే: “అన్నా, నాజిల్ ఫెయిలవుతోంది, స్ప్రింగ్ పెట్టేయమంటారా?” పెట్టొద్దు. (నాజిల్ అంటే పంపుకి పైపు బిగించే మూతి. ఫెయిల్ అంటే పైపు దాని మీద వేసే లోడు పరిమితి దాటడం. స్ప్రింగ్ అంటే పైపు బరువు మోసే స్ప్రింగ్ సపోర్ట్.) పంపు షాఫ్ట్ మీ కంప్యూటర్ మోడల్లో ఏ అక్షం వెంట ఉందో ముందు చెప్పండి. ఇది చూడకుండానే సపోర్టులు మార్చేవాళ్లే ఎక్కువ.

సమస్య: సపోర్టులు ఎన్ని మార్చినా నాజిల్ లోడ్ పరిమితి దాటుతోంది. లేదా అంతా పాసైనా, పంపు సరఫరా చేసినవాళ్లు ఒప్పుకోవడం లేదు.

కారణం: పైపు లోడ్లు లెక్కేసే సాఫ్ట్‌వేర్ సీజర్ టూ లో మనం మార్చకపోతే గ్లోబల్ వై, అంటే మోడల్ మొత్తానికి వర్తించే వై, నిలువు అక్షం. నాజిల్ లోడ్ పరిమితులు ఇచ్చే పంపుల ప్రమాణం ఏపీఐ 610 లో అడ్డంగా కూర్చునే పంపుకి ఎక్స్ షాఫ్ట్ వెంట, వై షాఫ్ట్‌కి అడ్డంగా నేలకు సమాంతరంగా, జెడ్ నిలువుగా ఉంటాయి. రెండు చోట్లా అక్షరాలు అవే, దిక్కులు వేరు. ఈ తేడా పట్టించుకోకుండా వరుసకి వరుస పోల్చేస్తారు.

4 అంగుళాల టాప్ నాజిల్ తీసుకోండి. ఏపీఐ పట్టికలో ఎక్స్‌కి 1420, వైకి 1160, జెడ్‌కి 1780 న్యూటన్లు. మీ రిపోర్టులో ఎక్స్ 400, వై -1500, జెడ్ 1300 వచ్చాయనుకుందాం. ఉన్నది ఉన్నట్టు పోలిస్తే వై ఫెయిల్, జెడ్ పాస్. వెంటనే నిలువు లోడ్ తగ్గించాలని స్ప్రింగ్ పెడతారు.

షాఫ్ట్ మోడల్లో ఎక్స్ వెంట ఉంటే అసలు లెక్క ఇది: మీ వై అంటే ఏపీఐ జెడ్, 1500 ఎంత, 1780 ఎంత, హాయిగా పాస్. మీ జెడ్ అంటే ఏపీఐ వై, 1300 వచ్చి 1160 దాటింది. ఫెయిలైంది పక్కకు తోసే లోడు. దానికి స్ప్రింగ్ ఏం చేస్తుంది? కావాల్సింది పైపుని పక్కకు కదలనివ్వని గైడో, లైన్‌లో ఇంకాస్త వంపో.

అదే పంపుని 90 డిగ్రీలు తిప్పి, షాఫ్ట్ మోడల్లో జెడ్ వెంట ఉందనుకోండి. ఇప్పుడు 1300 షాఫ్ట్ వెంట పడి 1420 లోపే ఉంది, 400 అడ్డంగా పడింది, నిలువు 1500 ఎలాగూ పాసే. అవే అంకెలు, ఒక్కటీ ఫెయిల్ కాలేదు! మొత్తం ఫలిత బలం రెండు సందర్భాల్లోనూ సుమారు 2025, పరిమితి 2560. అక్షాలు తిప్పినా అది మారదు కాబట్టి, అది పాసైందని ధైర్యపడొద్దు.

పరిష్కారం: రిపోర్టులో బరువు ఒక్కటే లెక్కేసిన కేసు తెరిచి, పైపు ఊరికే ఆనుకునే మామూలు రెస్ట్ సపోర్ట్ మీద లోడు ఏ అక్షం కాలమ్‌లో పడిందో చూడండి. అది మీ నిలువు అక్షం. తర్వాత పంపు డ్రాయింగ్ పక్కన పెట్టుకుని, షాఫ్ట్ ఏ అక్షం వెంటో రాసుకోండి. పట్టికలో టాప్, సైడ్, ఎండ్ నాజిళ్ల పరిమితులు వేరు, సరైన వరుసే తీసుకోండి. మొమెంట్లనూ (వంచే, మెలితిప్పే లోడ్లు) ఇలాగే మార్చాలి. పంపు ప్లాంట్ గ్రిడ్‌కి ఏటవాలుగా కూర్చుంటే గ్లోబల్ అంకెలు నేరుగా పనికిరావు, ఆ కోణంతో విడగొట్టాలి.

ఇంకో సమస్య: లోడ్ల ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యాయి.

రిస్ట్రెయింట్ (సపోర్టుల) రిపోర్టులో ఉండేది పైపు సపోర్ట్ మీద వేసే లోడు. ఎలిమెంట్ (పైపు ముక్కల) రిపోర్టులో ఉండేది పైపు మీద పడేది. అదే యాంకర్ (పైపుని ఎటూ కదలనివ్వని చోటు) దగ్గర గుర్తు తిరగబడుతుంది. పంపువాళ్లకి ఇవ్వాల్సింది మొదటిదే. ఇక లోకల్ రిపోర్టులో, అంటే ఒక్కో పైపు ముక్క సొంత అక్షాల్లో ఇచ్చేదాంట్లో, లోకల్ ఎక్స్ ఎప్పుడూ ఫ్రమ్ నోడ్ (ముక్క మొదలయ్యే బిందువు) నుంచి టు నోడ్ (ముగిసే బిందువు) వైపే. లైన్‌ని ఎదురు దిశలో మోడల్ చేస్తే అక్షాలూ తిరుగుతాయి. అడ్డ పైపు నుంచి నిలువు పైపుకి వెళ్తే లోకల్ వైని నిర్ణయించే నియమమే మారుతుంది, అందుకే షియర్ (పైపుకి అడ్డంగా పడే లోడు) అంకెలు చోటు మారినట్టు కనిపిస్తాయి. అది తప్పు కాదు.

ఏటవాలు గైడ్‌కి దిశ తప్పుగా ఇవ్వడం, రెండు మోడళ్లు కలిపినప్పుడు ఒకటి జెడ్ నిలువుగా ఉండిపోవడం కూడా జరగొచ్చు, కానీ అరుదు. షాఫ్ట్ దిశ తేలాకే వాటి జోలికి వెళ్లండి.